సొరతిప్ప నిద్ర కనెక్షను

సముద్రం అడుగున దొరికే నిద్రను గొట్టంలో రాజధానికి పంపడం మొదలైన నాటి నుంచి సొరతిప్ప గ్రామంలో ఎవరూ నిద్రపోలేదు. పద్నాలుగేళ్ళ కిందటి సంగతి గనుక ఇప్పుడు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోవడం లేదు. మొదట్లో కళ్ళు మండాయి, తల దిమ్మెక్కింది, మొగుడూ పెళ్ళాం అయినదానికీ కానిదానికీ కస్సుబుస్సుమన్నారు. తర్వాత సర్దుకున్నారు. నులకమంచాల మీద చేపలు ఎండబెట్టుకున్నారు. దిండ్లు విప్పి ఆ దూదితో దీపాలకు ఒత్తులు చేసుకున్నారు. జోలపాటలు మాత్రం పారెయ్యడం ఎందుకని, వలలు బాగుచేసుకునేటప్పుడు పాడుకుంటున్నారు.

ఊరికి తూర్పున, ఒడ్డుకు కనుచూపు మేరలోనే, సముద్రగర్భంలో నిద్ర నిక్షేపాలు ఉన్నాయని అప్పట్లో సర్వేలో తేలింది. అంతవరకూ ఆ నిద్ర బుడగలు బుడగలుగా పైకి తేలి, సముద్రపు గాలిలో కలిసి ఇళ్ళలోకి వచ్చేది. ఊళ్ళోవాళ్ళు అది ఒంటి అలసట వల్ల పట్టే నిద్ర అనుకుని పడుకునేవారు. సర్వే నివేదికలో దీన్ని ‘తీరప్రాంతంలో జరుగుతున్న వృథా’ అని రాశారు. వృథాను అరికట్టడానికి నిద్ర సరఫరా సంస్థ ఏర్పడింది. సముద్రం అడుగున ఒక లావుపాటి ఇనప గొట్టం వేశారు. అది సొరతిప్ప ముందు నుంచే రాజధాని వైపు సాగిపోయింది. రాజధానిలో ఇంటింటికీ నిద్ర కుళాయిలు వచ్చాయి. ప్రభుత్వ కార్యాలయాల్లో బల్ల బల్లకూ ఒకటి అమర్చారు.

సొరతిప్పకు మేలేమీ జరగలేదని అనడానికి లేదు. నిద్రపోని మనుషులున్న ఊరని పేరు రాగానే రొయ్యల కంపెనీ వచ్చింది. మూడు షిఫ్టులూ అదే మనిషి చేస్తుంటే మూడుసార్లు హాజరు వెయ్యడం దండగని, ఒకేసారి వేసుకుంటున్నారు. బడికి కొత్త వాచకాలు వచ్చాయి. నాలుగో తరగతి వాచకంలో, కళ్ళు మూసుకుని పడుకున్న మనిషి బొమ్మ వేసి, కింద ‘ఇతడు ఏమి చేయుచున్నాడు?’ అని అడిగారు. సొరతిప్ప పిల్లలందరూ ‘చనిపోయినాడు’ అని రాశారు. లోవకుమారి ఒక్కతే సరైన జవాబు రాసింది, ఎందుకంటే ఆ సంగతి ఆ పిల్లకు తండ్రి చెప్పి ఉన్నాడు.

ఆ తండ్రి మల్లాడి తాతారావు. ఒకప్పుడు వల వేసేవాడు, ఇప్పుడు నిద్ర సరఫరా సంస్థలో డైవరు. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, ముఖానికి మాస్కు తొడుక్కుని, సముద్రం అడుగుకు దిగి, గొట్టానికి పట్టిన నాచూ గుల్లలూ గీకడం అతని పని. గొట్టానికి చెవి ఆనిస్తే లోపల నుంచి సన్నగా గురక వినబడుతుంది. తాతారావు పని అయ్యాక కాసేపు అలా చెవి ఆనించి ఉండేవాడు. సంస్థ నిబంధనల్లో దానికి అభ్యంతరం లేదు, కాని దానికి పట్టే సమయాన్ని భోజన విరామంలో కలిపేవారు.

లోవకు తొమ్మిదేళ్ళు. గొట్టం వచ్చాక పుట్టిన పిల్ల గనుక ఒక్కసారి కూడా నిద్రపోలేదు. పుట్టిన రోజు నుంచీ కళ్ళు తెరుచుకునే ఉంది. పిల్ల చలాకీగానే ఉంటుంది, తింటుంది, ఆడుతుంది, బడికి వెళ్తుంది. ఐనా ఆ కళ్ళు చూసినప్పుడల్లా తాతారావు చూపు తిప్పుకునేవాడు. ఒక్కసారి, ఒక్క పూట, తన కూతురు నోరు కాస్త తెరిచి, చెయ్యి ఎటో పడేసి నిద్రపోతుంటే చూడాలని అతని కోరిక. అంతకు మించి ఏ కోరికా లేదు. ఉన్నా, దాని తర్వాతే.

అతనికి తన పాత కలల్లో ఒక్కటే గుర్తుంది. అందులో అతను పడవ నడుపుతుంటాడు, కింద నీళ్ళు ఉండవు, కొబ్బరిచెట్ల తలలుంటాయి. కథ చెప్పమన్నప్పుడల్లా లోవకు ఆ కలే చెప్పేవాడు. చెప్పీ చెప్పీ అది అరిగిపోయింది. పిల్ల దాన్ని ఎక్కాల్లా అప్పజెప్పేది. ఒక రోజు మాత్రం ఒక సందేహం అడిగింది.

“నాన్నా, కళ్ళు మూసుకుంటే సీకటే కదా. నీకు పడవెలా కనపడింది?”

“సీకటయ్యాక కాసేపు ఆగాలమ్మా.”

“నేను శానాసేపు ఆగాను నాన్నా,” అంది లోవ.

తాతారావు ఆ రోజు గొట్టం గీకడానికి వెళ్ళలేదు. సర్పంచు సంగాని బంగారమ్మ ఇంటికి వెళ్ళాడు. బంగారమ్మ ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి, కాకపోతే ఆ ఊళ్ళో ఆవులించేవాళ్ళే లేకపోయారు. ఊరిమీంచి పోతున్న నిద్రలో ఊరికి కాస్త వాటా అడగాలని ఆమెకూ ఎప్పటి నుంచో ఉంది. ఇద్దరూ కలిసి ఊరందరి చేతా వేలిముద్రలూ సంతకాలూ పెట్టించి, సొరతిప్పకు ఒక శాఖ గొట్టం కావాలని అర్జీ పంపారు.

అర్జీకి జవాబు నాలుగేళ్ళలో వచ్చి ఉండేది. కాని అదే సమయంలో రాజధాని నుంచి వేరే ఫిర్యాదు ఒకటి వచ్చింది. సరఫరా అవుతున్న నిద్రలో కలలు రావడం లేదట. నిపుణులు పరిశీలించి, కలలు నిద్రకంటే బరువైనవి గనుక అడుగున పేరుకుంటున్నాయనీ, వాటిని తోడటానికి రెండో గొట్టం వెయ్యాలనీ తేల్చారు. రెండో గొట్టానికి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, అందులో సొరతిప్ప ఒప్పుకోవాలి. ఊరిని కాస్త మంచి చేసుకోవలసిన అవసరం పడింది గనుక, సొరతిప్ప అర్జీ నాలుగు వారాల్లోనే బయటపడింది.

దాన్ని పట్టుకుని ఊరికి వచ్చిన అధికారి శాఖా గొట్టాల విభాగం డిప్యూటీ చీఫ్ ఇంజినీరు వేమగిరి నరహరి. మనిషి మంచివాడు. కడుపునిండా నిద్రపోయేవాళ్ళ ముఖాల్లో ఉండే ప్రశాంతత ఆయన ముఖంలో ఉంది. ఊళ్ళో పిల్లలు చుట్టూ చేరి, ఆయన ఆవులిస్తుంటే నోట్లోకి తొంగిచూశారు. శాఖ ఇవ్వడంలో ఒకటే చిక్కుందని ఆయన వివరించాడు. గొట్టాన్ని ఆపి కోస్తే రాజధాని మేలుకుంటుంది. ఒకసారి మరమ్మతు కోసం అరగంట ఆపితే, జనం లేచి కిటికీల్లోంచి చూసి, ఎదురుగా ఉన్న వంతెన సగంలో ఎందుకు ఆగిపోయిందని అడిగారట. ఆ అరగంట గురించి ఇప్పటికీ వివరణలు రాస్తూనే ఉన్నారట.

“మా ముంగిట్లోంచే ఎల్తంది కదండీ. మాకో ముక్క తగిలిత్తే మీ సొమ్మేం పోద్దండి?” అని బంగారమ్మ అడిగింది.

“తగిలిస్తామమ్మా,” అన్నాడు నరహరి. “పారుతున్నదాన్ని పారుతున్నట్టే ఉంచి తగిలిస్తాం. దానికో పద్ధతి ఉంది.”

పద్ధతి నిజంగానే ఉంది. ముందు గొట్టాన్ని శుభ్రంగా గీకి, ఇనుము ఎక్కడ మందంగా ఉందో కొలిచి చూడాలి. ఆ చోట రెండు సగాలుగా ఉండే ఇనప పట్టీని గొట్టం చుట్టూ బిగించాలి. పట్టీకి పైన ఒక మూతి ఉంటుంది, దాని మీద వాల్వు కూర్చోబెట్టాలి. పట్టీలోకి నీళ్ళు ఒత్తిడితో ఎక్కించి ఎక్కడా కారడం లేదని నిర్ధారించుకున్నాక, వాల్వు మీద కోత యంత్రం బిగించాలి. అప్పుడు వాల్వు తెరిచి, యంత్రపు పళ్ళను లోపలికి దించి, పారుతున్న గొట్టానికి గుండ్రంగా చిల్లి పెట్టాలి. కోసిన బిళ్ళను యంత్రంలోని కొక్కెం పట్టుకుని వెనక్కి లాగుతుంది. పళ్ళు పైకి వచ్చాక వాల్వు మూసి, యంత్రాన్ని విప్పి, ఆ స్థానంలో శాఖ గొట్టం తగిలించాలి. ఇంతా జరుగుతున్నప్పుడు లోపలి ప్రవాహానికి ఏమీ తెలియకూడదు.

ప్రమాదాలు రెండని నరహరి చెప్పాడు. కొక్కెం జారి బిళ్ళ గొట్టంలో పడితే, అది నిద్రతోపాటు కొట్టుకుపోయి రాజధానిలో ఎవరి నిద్రలోనో అడ్డం పడుతుంది. ఆ మనిషి జీవితాంతం ఏదో గట్టిగా తగిలినట్టు ఉలిక్కిపడుతూనే ఉంటాడు. రెండోది, పట్టీ కారితే బయటికి వచ్చిన నిద్ర నీళ్ళలో కలుస్తుంది, దగ్గర్లో ఉన్నవాళ్ళందరూ ఉన్నచోటనే పడుకుంటారు. డైవరుకు మాస్కూ సొంత గాలీ ఉంటాయి గనుక ఫర్వాలేదు, మిగతావాళ్ళ సంగతే చూడాలి. ఇన్ని జాగ్రత్తలు చెప్పిన ఆయన, సొరతిప్ప వాళ్ళ అలవాట్ల గురించి మాత్రం ఎవరినీ అడగలేదు. జాగ్రత్తల పుస్తకంలో ఆ అధ్యాయం లేదు.

పని నిర్ణయించిన రోజు సముద్రం ప్రశాంతంగా ఉంది. ఉదయం ఫలహారాలయ్యాక సంస్థ బార్జి వచ్చి గొట్టం పైన లంగరు వేసింది. నరహరి గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. జాగ్రత్తల ప్రకటన చదివి, ‘ఎవరికైనా అభ్యంతరం ఉంటే పని జరుగుతుండగా ఎప్పుడైనా చెప్పవచ్చు’ అని ముగించాడు. తాతారావు మాస్కు బిగించుకుని నీళ్ళలోకి దిగాడు.

అతను ఆ రోజు చేసినంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు. పట్టీ బిగించాడు, ఒక్కొక్క బోల్టూ మళ్ళీ చూసుకున్నాడు. ఒత్తిడి పరీక్షలో చుక్క కారలేదు. కోత యంత్రం తిరుగుతున్నంతసేపూ గొట్టం మీద అరచెయ్యి పెట్టి, లోపలి గురక తడబడుతుందేమోనని గమనిస్తూనే ఉన్నాడు. తడబడలేదు. గుండ్రటి బిళ్ళ కొక్కేనికి అంటుకుని బుద్ధిగా పైకి వచ్చింది. వాల్వు మూశాడు. యంత్రం విప్పి తాడుకు కట్టి పైకి పంపించాడు. ఇక శాఖ గొట్టం తగిలించడమే మిగిలింది. ఇక్కడే తాతారావు ఒక తప్పు చేశాడు. అది తప్పని అతనికి ఎంత మాత్రం తోచలేదు.

సొరతిప్పలో కొత్త వల వేసినా, కొత్త పడవ నీళ్ళలోకి దించినా, మొదట పడిన చేప గంగమ్మది. దాన్ని ఒడ్డుకు తేవడమంటూ ఉండదు. బుట్టలో పడకముందే నీళ్ళలోకి వదిలేసి, ఆ తర్వాతే తమ కోసం వల లాగుతారు. అలా చెయ్యని వలకు చేప పడదని కాదు, అసలు అలా చెయ్యని మనిషి ఆ ఊళ్ళో లేడు. తాతారావు ఎదుట కొత్త శాఖ ఉంది, ఇంకా ఎవరూ ముట్టని నిద్ర ఉంది. అతను వాల్వు చక్రం పట్టుకుని, ఒక చేప బరువుంటుందేమో అన్నంత అంచనాతో, కొంచెం తిప్పాడు. తల్లీ, ఇది నీది, అని మాస్కులో అనుకున్నాడు.

చేప బరువు అంచనా చేతికి తెలుసు గాని, నిద్ర బరువు తెలియదు. బుస్సుమని తెల్లటి బుడగలు లేచాయి. చుట్టూ ఈదుతున్న చందువా చేపలు ఈదడం మానేసి, పక్కకు ఒరిగి, ఇసక మీద వరసగా పడుకున్నాయి. పీతలు కాళ్ళు ముడుచుకున్నాయి. తర్వాత సముద్రమే పడుకుంది. అలలు ఒడ్డుకు రావడం ఆపేశాయి, వచ్చినవి వెనక్కి పోవడం మరిచిపోయాయి. తాతారావు కంగారుగా చక్రాన్ని మూసి పైకి తేలేసరికి, బార్జి మీద నరహరితో సహా అందరూ ఉన్నవాళ్ళు ఉన్నట్టే నిద్రపోతున్నారు. నరహరి ఒళ్ళో జాగ్రత్తల ప్రకటన ఉంది. గాలి ఒడ్డు నుంచి వీస్తోంది గనుక ఊరికి మాత్రం ఆ నిద్ర అందలేదు. ఊరి జనం గట్టు మీద నిలబడి, నిద్రపోతున్న సముద్రాన్ని నోరు తెరుచుకుని చూశారు.

తాతారావు మళ్ళీ దిగి, మిగిలిన పని మిగలకుండా పూర్తి చేశాడు. శాఖ గొట్టం తగిలించి, బోల్టులు బిగించి, కారడం లేదని చూసుకుని పైకి వచ్చాక, సముద్రానికీ నరహరికీ దాదాపు ఒకేసారి మెలకువ వచ్చింది.

ఇక్కడ ఎంత నిద్ర పోయిందో రాజధానిలో అంత నిద్ర తగ్గింది. అక్కడ పట్టపగలు జనానికి మెలకువ వచ్చేసింది. ఒక కార్యాలయంలో గుమాస్తా కళ్ళు తెరిచి, బల్లకు అవతల ఎన్నో ఏళ్ళుగా నిలబడి ఉన్న ముసలాయన్ని చూసి, మీకేం కావాలండీ అని అడిగాడు. ఒక పెద్దాయన తను సంతకం పెట్టిన కాగితాన్ని చదివాడు. ఒక వార్డులో రోగిని డాక్టరు చూశాడు. కాసేపట్లోనే సరఫరా మామూలైంది, అందరూ మళ్ళీ పడుకున్నారు. కాని ఆ కాసేపట్లో ఇచ్చిన మాటలూ మొదలైన పనులూ ఆపించడానికి చాలా శ్రమ పడవలసి వచ్చింది.

విచారణ సంఘం సొరతిప్పకు వచ్చింది. సంఘంలో ముగ్గురు సభ్యులు, ముగ్గురూ మర్యాదస్తులు. వాల్వు ఎందుకు తిప్పావని వాళ్ళు తాతారావును మెత్తగానే అడిగారు.

“తొలి వాటా గంగమ్మదండి,” అన్నాడు తాతారావు. “మూరెడు సేప పడినా బెత్తెడు సేప పడినా, ముందు పడ్డది ఆవిడిదేనండి. ఇందులో నాదేం లేదండి.”

సభ్యులు నిబంధనలు తిరగేశారు. గంగమ్మకు వాటా ఇవ్వరాదని ఎక్కడా లేదు. పైగా ఆమె దరఖాస్తు పెట్టుకోకుండానే సరఫరా పొందింది గనుక ఆమెకు బిల్లు పంపాలా వద్దా అన్న చర్చ ఒక పూటంతా నడిచింది. నరహరి కూడా వాంగ్మూలం ఇచ్చాడు. ఆయన నిజాయితీపరుడు, నిద్రపోయానని ఒప్పుకున్నాడు. అభ్యంతరాలు చెప్పమని ప్రకటన చదివాననీ, తర్వాత తనతో సహా అందరూ నిద్రపోయారనీ, ఆ సమయంలో ఎవరూ ఏ అభ్యంతరమూ చెప్పలేదనీ, పని ఏకగ్రీవంగా పూర్తయిందనీ వివరించాడు. ఆ మాట విన్నాక ముగ్గురు సభ్యులూ ‘ఏకగ్రీవంగా’ అన్న చోట గీత గీసుకున్నారు. నరహరి కూడా తన నోటి నుంచి వచ్చిన మాటను మళ్ళీ ఒకసారి మనసులో అనుకుని చూశాడు.

విచారణ ముగింపు అందరికీ నచ్చింది. తాతారావు మీద చర్య ఏమీ లేదు. శాఖ గొట్టం ఉంటుంది. కాని నిద్ర ఇష్టం వచ్చినట్టు వదిలితే ఎంత ప్రమాదమో తేలింది గనుక, సంస్థ అధికారుల సమక్షంలో, సంస్థ జరిపే సభల్లో మాత్రమే వాల్వు తెరవాలి. తెరిచే మనిషి మెలకువగా ఉండాలి గనుక మాస్కు తొడుక్కోవాలి. అనుభవం దృష్ట్యా ఆ ఉద్యోగం తాతారావుకే ఇచ్చారు. ఊరికి నిద్ర తెచ్చినవాడు తను నిద్రపోవడానికి వీల్లేదని అతనికి ఇంటికి వచ్చాక గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక, పోనీలే, లోవ పడుకుంటుంది కదా, అనుకున్నాడు.

మొదటి సభ శాఖ గొట్టం ప్రారంభోత్సవం. ఖర్చు కలిసొస్తుందని రెండో గొట్టం మీద ప్రజాభిప్రాయ సేకరణ కూడా అదే షామియానా కింద పెట్టారు. ఊరు ఊరంతా పెళ్ళికి వెళ్తున్నట్టు తయారైంది. మంచాల మీది ఎండుచేపలు దులిపారు. దిండ్లు లేవు గనుక వలలు మడిచి పిల్లలకు తలకింద పెట్టుకోమని ఇచ్చారు. తాతారావు భార్య పేరంటాలు తన పెళ్ళిచీర దుప్పటిగా లోవకు ఇచ్చింది. పడుకునేటప్పుడు ఏ పక్కకు తిరగాలని లోవ రోజంతా అందరినీ అడుగుతూనే ఉంది.

బంగారమ్మ ఒక్కతే పడకకు ఏమీ తెచ్చుకోలేదు. ఆమె మాట్లాడటానికి వచ్చింది. నిద్ర పట్టుకుపోయారు, ఇప్పుడు కలలు కూడా పట్టుకుపోతారా, ఒప్పుకోం, అని చెప్పడానికి వచ్చింది. సభ మొదలవకముందు తాతారావును పక్కకు పిలిచింది.

“నేను నిలబడి సెప్తాన్రా. నాకు గానీ కునుకు పట్టేత్తే నువ్వు సెప్పాల. మనోళ్ళలో మెలకువగా ఉండేది నువ్వొక్కడివే.”

“సెప్తాను పెద్దమ్మా,” అన్నాడు తాతారావు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

కార్యక్రమం వరసలో ముందు ప్రారంభోత్సవం ఉంది. నరహరీ, వేదిక మీద ఉన్న తక్కిన అధికారులూ మాస్కులు తొడుక్కున్నారు. ‘నాకు కొంచెం మాట్లాడాలండి’ అని బంగారమ్మ లేచింది. ప్రారంభోత్సవం కాగానే మీకే మొదటి అవకాశం అని నరహరి మర్యాదగా చెప్పి, తాతారావు వైపు చూసి తల ఊపాడు. తాతారావు వేదిక పక్కన, శాఖ గొట్టం కొసన బిగించిన వాల్వు చక్రం తిప్పాడు. ఈసారి చెయ్యి జాగ్రత్తగా తిప్పింది. బంగారమ్మ నిలబడే నోరు తెరిచింది. వచ్చింది మాట కాదు, ఆవులింత. పద్నాలుగేళ్ళలో ఆ ఊరి మనిషి నోట వచ్చిన మొదటి ఆవులింత అదే. ఆమె దాన్ని ఆశ్చర్యంగా పూర్తి చేసి, మెల్లగా కూర్చుని, పక్కామె భుజం మీద తల వాల్చింది. వరసలు వరసలుగా ఊరంతా ఒరిగిపోయింది.

తాతారావు కూతుర్ని వెతుక్కున్నాడు. లోవ ముందు వరసలోనే, మైకుకు పక్కనే పడుకుని ఉంది. తల్లి పెళ్ళిచీర గడ్డం దాకా కప్పుకుంది. నోరు కాస్త తెరుచుకుంది. ఒక చెయ్యి ఎటో పడేసింది. తొమ్మిదేళ్ళుగా తెరిచే ఉన్న ఆ రెండు కళ్ళూ మూసుకున్నాయి. రెప్పల వెంట్రుకలు ఇంత పొడుగని తాతారావుకు ఇన్నాళ్ళూ తెలియదు. మాస్కు లోపల అతని కళ్ళు తడిసి అద్దం మసకబారింది. తుడుచుకోవడానికి మాస్కు తియ్యకూడదు గనుక, మసకలోంచే చూస్తూ నిలబడ్డాడు.

వేదిక మీద నరహరి రెండో గొట్టం వివరాలు గొంతు తగ్గించి చదివాడు. కలలు ఎక్కడ పేరుకున్నాయో, ఎంత లోతున తోడతారో, ఎన్నాళ్ళలో పని పూర్తవుతుందో, అన్నీ ఉన్నాయి. చదవడం అయ్యాక, మెలకువగా ఉన్న ఒకే ఒక్క గ్రామస్థుడి వైపు తిరిగాడు. ఆయన నిబంధన తప్పే మనిషి కాదు.

“అభ్యంతరం ఉంటే చెప్పవచ్చు,” అన్నాడు గుసగుసగా. “కాని మైకులో చెప్పాలి. గట్టిగా చెబితేనే నమోదవుతుంది.”

తాతారావు మైకు దగ్గరికి వచ్చాడు. దాని కింద కూతురు ఉంది. అప్పుడే లోవ పెదవులు కదిలాయి. దేన్నో చూసి నవ్వుతున్నట్టు నవ్వింది. మూసిన కళ్ళతో అంతసేపు దేన్ని చూస్తోందో తాతారావుకు అర్థమైంది, రెండో గొట్టంలో ఏం పోబోతోందో కూడా అర్థమైంది. బంగారమ్మకు ఇచ్చిన మాట గొంతు దాకా వచ్చింది. ఒక్క మాట, వద్దు అన్న మాట, మైకులో అంటే షామియానా అంతా మోగుతుంది. పిల్ల లేచిపోతుంది. అతను మైకును చూశాడు, పిల్లను చూశాడు. నరహరి కూడా లోవను చూసి, తన మాస్కు మీద, పెదవులు ఉండవలసిన చోట, వేలు పెట్టుకున్నాడు. అందులో బెదిరింపు ఏమీ లేదు. నిద్రపోయే పిల్ల దగ్గర ఎవరైనా అలాగే చేస్తారు.

తాతారావు అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి వెళ్ళి చక్రం పక్కన నిలబడ్డాడు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. చప్పట్లు కొట్టవద్దని నరహరి తోటి అధికారులకు సైగ చేశాడు.

చక్రం మూసిన కాసేపటికి ఊరు ఒక్కొక్కరుగా లేచింది. అందరి ముఖాలూ ఉబ్బి, కొత్త మనుషుల్లా ఉన్నారు. ఎవరూ ఎవరినీ కసురుకోలేదు. బంగారమ్మ లేచి కూర్చుని చుట్టూ చూసింది. వేదిక ఖాళీగా ఉంది, కుర్చీలు మడిచేస్తున్నారు.

“సెప్పావా?” అని అడిగింది.

తాతారావు, పేరంటాలు ఒళ్ళో కళ్ళు నులుముకుంటున్న లోవ వైపు చూశాడు. బంగారమ్మ కూడా చూసింది. తిట్టడానికి నోరు తెరిచింది గాని, ఒళ్ళంతా హాయిగా ఉంది, కోపం పైకి రాలేదు. ఒళ్ళు విరుచుకుంది.

“పోన్లేరా,” అంది. “ఎన్నేళ్ళయిందో ఇలా పడుకుని.”

ఇంటికి వెళ్ళేదారిలో లోవ తండ్రి చెయ్యి పట్టుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పడవ వచ్చిందట. కొబ్బరిచెట్ల మీంచి కాదు, వాళ్ళ బడి మీంచి వెళ్ళిందట. నడిపింది నాన్న కాదు, తనేనట. వాచకంలో చనిపోయాడని పిల్లలు రాసిన మనిషి కూడా ఎక్కి, ఎక్కడికో తీసుకెళ్ళమని అడిగాడట. ఎక్కడికో చెప్పేలోగా మెలకువ వచ్చేసిందట.

“మిగతాది మళ్ళీ పడుకున్నప్పుడు వత్తాది కదా నాన్నా?”

“వత్తాదమ్మా,” అన్నాడు తాతారావు. అబద్ధమాడటం అతనికి కష్టమనిపించింది. కాని పిల్ల ముఖంలో ఆ ఉబ్బు ఇంకా తగ్గలేదు, దాన్ని చెడగొట్టాలనిపించలేదు.

రెండో గొట్టం అనుకున్న దానికంటే ముందే పూర్తయింది. దాని పట్టీలూ బోల్టులూ తాతారావే సరిచూశాడు. దానికి చెవి ఆనిస్తే గురక వినబడదు, ఎవరో దూరంగా నవ్వుతున్నట్టు ఉంటుంది. అతను దానికి చెవి ఆనించడం ఒకసారితో మానేశాడు. సొరతిప్ప వాళ్ళు ఆలోచించుకుని, కలల గొట్టం నుంచి కూడా ఊరికి ఒక శాఖ కావాలని అర్జీ పెట్టారు. మొదటి సంతకం బంగారమ్మది, రెండోది తాతారావుది.

జవాబు ఈసారి వారంలోనే వచ్చింది. శాఖ విషయం పరిశీలిస్తామనీ, దానికంటే ముందు మూడో గొట్టం ఒకటి వెయ్యవలసి ఉందనీ, అందులో ఏం పంపాలన్నది ఇంకా నిర్ణయం కాలేదనీ, దాని మీద ప్రజాభిప్రాయ సేకరణ వచ్చే గురువారం భోజనాల తర్వాత ఉంటుందనీ నరహరి స్వయంగా రాశాడు. ఉత్తరం ఆఖరి వాక్యం దాకా ఎవరూ ఆగలేదు. సభ ఉందన్న మాట వినగానే ఊరంతా మంచాలు దులపడం మొదలుపెట్టింది. మూడో గొట్టంలో ఏం పోతుందని అడిగినవాళ్ళు లేరు. గురువారానికి ఇంకా ఎన్నాళ్ళుందని మాత్రం అందరూ అడిగారు. తల్లి పెళ్ళిచీరను లోవ నీటుగా మడిచి, గుమ్మం పక్కన చేతికి అందేలా పెట్టుకుంది.